ఇక్కడ ఆడుకోరాదు

మొన్న గౌడవెల్లి స్టేషన్‌లో ఎంఎంటీఎస్ దిగి నడుస్తుంటే, మా వైపు కొత్తగా ఇల్లు కొనుక్కున్న ఒకమ్మాయి అడిగింది. "అక్కా, పిల్లల్ని ఆడించనీకి మన దగ్గర బెస్ట్ ప్లేస్ ఏది?"

నోటికొచ్చినవి చెప్పేశాను. కండ్లకోయ ఆక్సిజన్ పార్కు. శామీర్‌పేట జింకల పార్కు. కొంపల్లి దిక్కు పోతే గంట లెక్కన డబ్బులు తీసుకునే ప్లే జోన్లు. ఆమె ఫోన్లో రాసుకుని, థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది. ఇల్లు చేరేదాకా నాకు సిగ్గేస్తూనే ఉంది. నేను చెప్పిన ప్రతి చోటికీ బండి కావాలి, టికెట్టు కావాలి, అన్నిటికన్నా ముందు ఆదివారం కావాలి. ఆమె అడిగింది పిల్లలు ఆడుకునే జాగా. నేను చెప్పింది పిల్లల్ని తిప్పుకొచ్చే జాగాలు. ఈ తేడా మనందరం ఎప్పుడో మర్చిపోయాం. ఈ వ్యాసం ఆ మతిమరుపు మీద కోపంతో రాస్తున్నది. అందులో నా వాటా కూడా ఉంది కాబట్టి, కోపం కొంత నా మీద కూడా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చూడండి. ఏడాది నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలకు రోజుకి కనీసం మూడు గంటలు ఒళ్ళు కదలాలి. ఐదు నుంచి పదిహేడేళ్ళ వాళ్ళకి సగటున రోజుకి గంట. ఇక్కడ ముఖ్యమైన మాట 'రోజుకి'. అన్నం ఆదివారం ఒక్కరోజే పెట్టి వారమంతా సరిపెట్టుకోమనం కదా. కాబట్టి మంచి ఆటస్థలం ఏదని ఎవరైనా అడిగితే మొదటి ప్రశ్న ఇదే కావాలి: సాయంత్రం స్కూలు నుంచొచ్చి, సంచి విసిరేసి, పెద్దవాళ్ళ తోడు లేకుండా పిల్ల నడిచిపోగలదా? పోలేకపోతే అక్కడ ఎన్ని రంగుల జారుడుబండలున్నా అది టూరిస్టు ప్లేసే.

రెండో ప్రశ్న, ఏ వయసు పిల్లకి? ఈ ప్రశ్న మనం దాదాపు అడగం. 'పిల్లలు' అని ఒక్క మాటతో సరిపెడతాం. మా ఇంట్లోనే రెండు వయసులున్నాయి. చిన్నోడికి మూడున్నర, పెద్దదానికి పదకొండు. పక్కింటి పిల్లోడికి పదిహేను. ముగ్గురికీ కావలసింది ఒకటి కాదు.

చిన్నోడికి కావలసింది చాలా తక్కువ. మట్టి, నీళ్ళు, నీడ, కూర్చోడానికి నాకో అరుగు. వాడి ఎత్తుకి తగ్గ మెట్లు. ప్లాస్టిక్ కోటలు వాడికి ఐదు నిమిషాల సంబరం, ఇసుక కుప్ప రెండు గంటల రాజ్యం. ఇల్లు కట్టేవాళ్ళు రోడ్డు మీద పోసిన ఇసుక దగ్గర్నుంచి వాడిని ఇంటికి లాక్కొచ్చిన ఏ తల్లికైనా ఇది తెలుసు. పడినా దెబ్బ తగలకుండా రబ్బరు టైల్సే వెయ్యాలని అమ్మేవాళ్ళు చెబుతారు. తొమ్మిది అంగుళాల మందాన వదులుగా పోసిన ఇసుక, నాలుగడుగుల ఎత్తు నుంచి పడిన పిల్లని కాపాడుతుందని అమెరికా భద్రతా నిబంధనల పుస్తకమే చెబుతుంది. కాకపోతే ఆ ఇసుకని వారం వారం కదిపి, కుక్కల నుంచి కాపాడే మనిషొకరుండాలి. రబ్బరు కొంటే ఒక బిల్లుతో పనైపోతుంది. మనిషిని పెడితే నెలనెలా జీతమివ్వాలి. మన పార్కుల్లో వస్తువులుండి మనుషులుండకపోవడానికి కారణం ఇదే.

ఐదు దాటాక లోకం మారిపోతుంది. ఎక్కాలి, వేలాడాలి, దూకాలి, కొంచెం భయపడాలి. ఇదే పుస్తకం రెండు నుంచి ఐదేళ్ళ వాళ్ళకీ, ఐదు నుంచి పన్నెండేళ్ళ వాళ్ళకీ ఆట సామాను వేరువేరుగా ఉండాలంటుంది. మన దగ్గర అపార్టుమెంటు మూలన పెట్టే సామాను అందరికీ ఒక్కటే. పెద్దవాళ్ళకి విసుగు, చిన్నవాళ్ళకి ప్రమాదం. ఏడేళ్ళ పిల్లాడు జారుడుబండని కింద నుంచి పైకి ఎక్కుతున్నాడంటే అల్లరి చేస్తున్నాడని కాదు, వాడికి చేయడానికి ఇంకేం లేదని. పైగా ఆ బండ ఇనుముదైతే మే నెలలో సాయంత్రం ఐదైనా దాని మీద చెయ్యి పెట్టలేం. వేపచెట్టు కింద పెట్టి ఉంటే పెట్టొచ్చు. కానీ చెట్టు కొట్టేశాకే కదా లేఅవుటు వేసింది.

ఇక పదకొండు. ఇక్కడే నా గొంతు మారుతుంది, క్షమించాలి. నిరుటి దాకా మా పెద్దది రోజూ సాయంత్రం బయటికి పోయేది. ఈ ఏడు మెల్లగా మానేసింది. ఎవరూ పోవద్దనలేదు. జారుడుబండ దగ్గరికి పోతే 'ఇంత పెద్దదానివి, చిన్నపిల్లల్ని ఆడుకోనియ్యి' అంటారు. ఖాళీ జాగా దగ్గరికి పోతే అక్కడ మగపిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. ఆమెనీ ఆడించుకోమని నేను అడిగితే రెండ్రోజులు ఫీల్డింగ్‌కి నిలబెట్టారు. మూడోరోజు తనే పోలేదు. ఇప్పుడు బాల్కనీలో నిలబడి చూస్తుంది. "ఆడుకోవే" అంటే "ఎక్కడ?" అంటుంది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

ఇది మా ఇంటి బాధే అనుకునేదాన్ని. 1990ల చివర్లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పార్కులు పరిశీలించినవాళ్ళు ఇదే గమనించారు. తొమ్మిదేళ్ళు దాటాక ఆడపిల్లలు పార్కుల్లోంచి మాయమవుతున్నారు, మగపిల్లలు ఉంటున్నారు. ఉన్న ఒక్క ఖాళీ స్థలాన్నీ ఎవరు గట్టిగా ఆక్రమించుకుంటే వాళ్ళదే అవుతోంది. అక్కడ 1999లో రెండు పార్కులను మార్చి చూశారు. ఒక్క పెద్ద మైదానం బదులు చిన్న చిన్న జాగాలు చేశారు, దారులకు వెలుతురు పెంచారు, వేరే ఆటలకు చోటిచ్చారు. ఆడపిల్లలు తిరిగొచ్చారు. 'పెద్దపిల్లవయ్యావు, ఇంట్లో కూర్చో' అని మన ముసలమ్మలు నోటితో అనే మాటని, మన పార్కుల డిజైన్ నోరు విప్పకుండానే అంటోంది.

పక్కింటి పదిహేనేళ్ళ పిల్లోడి సంగతి ఇంకోలా ఉంటుంది. వాడికి ఆటతోపాటు నలుగురు దోస్తులతో నిలబడే చోటు కావాలి. గోడ మీద కూర్చుంటే వాచ్‌మన్ లేపుతాడు. కిరాణా కొట్టు ముందు నిలబడితే 'పోరలు ఖరాబైతున్నరు' అంటారు. వాడు చేసిన నేరమల్లా డబ్బు ఖర్చుపెట్టకుండా ఒకచోట నిలబడడం.

ఇప్పుడు జాగా లేదన్న అబద్ధం దగ్గరికి వద్దాం. 2012లో వచ్చిన 168వ నంబరు జీవో ప్రకారం, 4,000 చదరపు మీటర్లు దాటిన స్థలంలో కట్టే ప్రాజెక్టు కనీసం పది శాతం ఖాళీ స్థలం వదలాలి. లేఅవుట్లలో పార్కు జాగా చూపించకపోతే అనుమతే రాదు. విద్యాహక్కు చట్టం, 2009, బడికి ఉండాల్సిన వాటి జాబితాలో ఆటస్థలాన్ని చేర్చింది. 2022 జూన్ 2న తెలంగాణ ప్రభుత్వం ఊరూరా క్రీడా ప్రాంగణాలు మొదలుపెట్టింది. అంటే కాగితం మీద మన పిల్లలకి నాలుగు దిక్కులా ఆటస్థలాలే.

కాగితం లోంచి బయటికొస్తే ఏముంది? మేం ఇల్లు కొన్నప్పుడు బ్రోచర్‌లో పచ్చరంగు పూసిన ఒక ముక్క చూపించారు. ఆ ముక్క ఇప్పటికీ ఉంది. దాని చుట్టూ కంచె, గేటుకి తాళం, లోపల బిల్డరు మిగిల్చిన కంకర. గేటు మీద బోర్డు: 'ఇక్కడ ఆడుకోరాదు'. వాచ్‌మన్ని అడిగితే, "గిది పార్కు జాగనే మేడం. పిల్లలు ఖరాబ్ జేస్తరని తాళమేసిన్రు" అన్నాడు. పార్కుని పిల్లల నుంచి కాపాడుతున్నారన్న మాట. కాలనీ మీటింగులో లేచి అడిగితే, పిల్లల గోల వల్ల రిటైరైనవాళ్ళకి ఇబ్బందని ఒకాయన, దెబ్బలు తగిలితే బాధ్యత ఎవరిదని ఇంకొకాయన. నడక బాట వేద్దామన్నప్పుడు మాత్రం అందరూ చేతులెత్తారు.

క్రీడా ప్రాంగణాల ఆలోచన మంచిదే, దాన్ని నేను వెక్కిరించను. కానీ అందులో పెట్టమన్నవి చూడండి: వాలీబాల్, కబడ్డీ, ఖోఖో కోర్టులు, లాంగ్ జంప్ గుంత, ఎక్సర్‌సైజు బార్లు. ఇవి 'క్రీడలు'. రూల్సూ, జట్లూ తెలిసిన వయసు వాళ్ళవి. మూడేళ్ళవాడికి అందులో చోటు లేదు. ఖోఖో ఆడే పదకొండేళ్ళ పిల్లకి చోటుంది, కానీ ఆమెతో ఆడే ఇంకో ఎనిమిదిమంది ఆడపిల్లలు సాయంత్రం ఆరింటికి అక్కడికి రావాలంటే లైటు కావాలి, బాత్రూము కావాలి, తెలిసిన ఆడమనిషి ఒకరుండాలి. క్రీడకీ ఆటకీ మధ్య తేడా మన అధికార భాషలో లేదు. పతకం రానిదాన్ని ఆటగా లెక్కెయ్యం.

మీరడగబోయే ప్రశ్నలు నాకు తెలుసు. "ఇప్పటి పిల్లలు ఫోన్ వదలరు కదా?" వదిలి ఎక్కడికి పోవాలో చెప్పండి, వదులుతారు. "ఇక్కడ గజం ధర ఎంతో తెలుసా?" తెలుసు, కొన్నాను కదా. అందుకే అడుగుతున్నా, ఆ ధరలో పార్కు ముక్క డబ్బులు కూడా కలిపే తీసుకున్నారు. "రోజులు బాలేవు, పిల్లల్ని బయటికెలా పంపుతాం?" ఈ భయం నిజం. దీన్ని నేను కొట్టిపారేయను. కానీ వీధిలో మనుషులున్నప్పుడే పిల్ల భద్రంగా ఉంటుంది. అందరం లోపలుండి తలుపేసుకుంటే, బయటున్న ఒక్క పిల్లకి ఎవరు తోడు?

1947లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆల్డో వాన్ ఐక్ అనే ఆర్కిటెక్ట్ ఒక చిన్న కూడలిలో ఇసుక గుంత, కొన్ని రాళ్ళు, నాలుగు ఇనప కమ్ములతో ఆటస్థలం చేశాడు. అది చూసి పక్క వీధివాళ్ళు మాకూ కావాలని మున్సిపాలిటీకి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. 1978 నాటికి ఆ ఊళ్ళో ఇలాంటివి 700 దాటాయి. చాలావరకు ఇళ్ళ మధ్య పడావుగా పడున్న ముక్కల్లోనే. యుద్ధంలో చితికిపోయిన దేశం అది. వాళ్ళ దగ్గర మనకన్నా డబ్బు ఎక్కువుండి చేయలేదు. ఇక మన బెంగళూరులో, పార్కుకని వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇస్తే కాలనీవాళ్ళు కోర్టుకెక్కారు. అది చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. ఉత్తరం రాసినవాళ్ళూ, కోర్టుకెక్కినవాళ్ళూ మనలాంటి మామూలు మనుషులే.

మనం కూడా రాశాం. ఏం రాశాం? ఇది చదువుతున్న మిమ్మల్నీ, రాస్తున్న నన్నూ కలిపే అంటున్నా. చిర్రగోనె మీద కవితలు రాశాం. తొక్కుడుబిళ్ళ, గచ్చకాయలు, ఏడుపెంకులాట మీద కళ్ళు చెమర్చే వ్యాసాలు రాశాం. 'ఈ తరం కోల్పోయిన బాల్యం' అని నిట్టూర్చాం. ఈ తరం ఏదీ కోల్పోలేదు. దాని చేతిలోంచి మనం లాక్కున్నాం, లాక్కుని లేఅవుటు వేసి, అందులో ఇల్లు కొనుక్కుని, బాల్కనీలో కూర్చుని మన బాల్యాన్ని తలుచుకుంటున్నాం. నా కవితల్లో గోటీలాట ఉన్నంత మంది పిల్లలు నా వీధిలో లేరు. ఒక్క పార్కు తాళం గురించి ఒక్క అర్జీ రాసిన తెలుగు కవి ఎవరైనా ఉంటే, ఆ అర్జీని నేను నా కవితలన్నిటికన్నా పైన పెట్టుకుంటాను.

2024లో రింగురోడ్డు చుట్టుపక్కల 51 పంచాయతీలను మున్సిపాలిటీల్లో కలిపారు, గౌడవెల్లితో సహా. ఊరు పట్నమవుతోంది. పొలాలు ప్లాట్లయ్యేలోపు అడిగితేనే ఏదైనా దక్కేది. అందుకని అడగాల్సినవి తేల్చి చెబుతా. పార్కు ముక్కల తాళాలు తియ్యాలి. సర్కారు బడి ఆటస్థలాలు సాయంత్రం ఏడు దాకా తెరిచి, చూసుకోడానికి జీతమిచ్చి మనిషిని పెట్టాలి. ప్రతి పది నిమిషాల నడక దూరంలో చిన్నవాళ్ళకో ఇసుక గుంత, నడిమివాళ్ళకి ఎక్కే కమ్ములు, పెద్దపిల్లలకి లైటున్న అరుగులు, ఆడపిల్లలకి విడిగా ఒక కోర్టు ఉండాలి. కొత్త జారుడుబండ కొనేముందు ఒక చెట్టు నాటాలి.

పోయిన వారం మున్సిపాలిటీకి అర్జీ రాశాను. కాలనీలో పదిహేడుమంది సంతకం పెట్టారు. పద్దెనిమిదోది మా పెద్దది పెడతానంది. "నీకింకా పదకొండేళ్ళే, నీ సంతకం చెల్లదే" అన్నాను. "ఆడుకునేది నేను కదమ్మా" అంది. పెట్టమన్నాను.

స్టేషన్‌లో అడిగిన ఆ అమ్మాయికి మాత్రం ఇంకా సరైన జవాబు చెప్పలేదు. ఈసారి కనిపిస్తే చెబుతా: బెస్ట్ ప్లేస్ మన గేటు అవతలే ఉందమ్మా, తాళమేసి ఉంది, నువ్వు కూడా ఒక సంతకం పెట్టు.