గాజుపెట్టెలోని తొండకు ఎండ యెక్కడిది?

మోత్కూరు చుట్టుపట్ల బండలమీద ప్రొద్దెక్కగానే తొండ వచ్చి యెండకు వీపొగ్గి కూర్చుండుట మన బాలబాలికలందఱు ఎఱిగినదే. ఆస్ట్రేలియా మెట్టనేలలనుండి పెంపుడుజంతువై లోకమెల్ల వ్యాపించిన బియర్డెడ్ డ్రాగన్, అనగా గడ్డపుతొండ, దీనికి జ్ఞాతియే. రెండును అగామిడే కుటుంబములోనివి. దానిని పెంచగోరువారు పెట్టె వెల యెంతయని మొదట అడుగుదురు. ఆ పెట్టెలో సూర్యుని పని యెవరు చేయుదురని అడుగువారు అరుదు.

"మనదేశమున ఎండకేమి కఱవు? కిటికీప్రక్క నుంచిన చాలదా?" యని కొందఱు పెద్దలందురు. ఈ మాట వినుటకు యుక్తముగానే యున్నది గాని నిలువదు. కిటికీగాజు వెలుతురును, వేడిని లోనికి విడుచును. అతినీలలోహిత కిరణములలో 'బి' తరగతివానిని మాత్రము దాదాపు పూర్తిగా ఆపివేయును. ఆ కిరణములు చర్మమును తాకినగాని అందు డి విటమిను పుట్టదు. అది లేనిదే తిన్న కాల్షియము ఒంటబట్టదు. అప్పుడు దేహము తన యెముకలలోని కాల్షియమునే తీసికొని బ్రతుకజూచును. దవడ మెత్తబడును, కాళ్లు వణకును, వెన్ను వంగును. మన నల్లగొండ సీమలో వంకరయెముకలనగానే ఫ్లోరైడు నీరు జ్ఞాపకమునకు వచ్చును. అచ్చట కీడుచేసినది మితిమీరినది. ఇచ్చట చేయునది లేమి.

"దీపము కాంతివంతముగా నున్నదిగదా" యనుట రెండవ భ్రమ. 1801లో రిట్టరు ఈ కిరణములను కనుగొన్నది వెలుతురు చూచి గాదు. ఊదారంగున కావల, ఏమియు కనబడని చోట, వెండిలవణము మఱింత త్వరగా నల్లబడుట చూచి. పాతబడిన ట్యూబు వెలుగుచునే యుండును. అందలి మేలు మాత్రము సన్నగిల్లును. కావున ఏడాదికొకసారి మార్చవలెను, లేదా కొలుచు మీటరుతో పరీక్షింపవలెను.

చిన్న చుట్టబల్బుకంటె, పెట్టె పొడవున సగమునకు మించిన టీ5 ట్యూబు, పది పన్నెండు శాతము యూవీబీ గుర్తు గలది, మేలని నా యభిప్రాయము. ఎంత యెత్తున నుంచవలెనో తయారుచేసినవారి పట్టిక చూడవలెను. వెలుగు పైనుండియే పడవలెను. ప్రక్కనుండి పడిన కన్నులకు హాని. నడుమ సన్నని జాలి యున్నచో కిరణములలో మూడవవంతో, అంతకు మించియో వ్యర్థమగును. వేడిదీపము ట్యూబు చెంతనే యుండవలెను, రెండవకొన నీడ యుండవలెను. రాత్రి అన్నియు ఆర్పవలసినదే.

ఉదయపుటెండలో తీగబోనున, సగము నీడ కల్పించి, కొంతసేపు విడుచుట యే దీపముకంటెను మేలు. గాజుపెట్టెనే యెండలో నుంచుట మాత్రము దానిని చంపుటయే. మన వేసవిలో అందుకు కొన్ని నిమిషములు చాలును.

ఏటేట ట్యూబు కొనజాలని యింటికి ఈ జంతువును తేగూడదు. ఈ మాట పిల్లలకు రుచింపకపోవచ్చును. వారు బండమీది తొండపై రాళ్లు రువ్వుట మాని, అది యెప్పుడు ఎండకు వచ్చెనో, ఎప్పుడు నీడకు పోయెనో ఒకవారము కాగితమున వ్రాసికొందురుగాక. మునుముందు గడ్డపుతొండను పెంచు భాగ్యము కలిగినచో, పెట్టెలో దీపమెచ్చట, నీడయెచ్చట నుండవలెనో ఆ కాగితమే చెప్పును.