ఇంట్లో చదవగలిగేది ఆ పిల్ల ఒక్కతే

మొన్న గద్వాల జిల్లా అలంపూర్ వైపు ఒక ఊళ్లో తొమ్మిదో తరగతి పిల్ల పక్కన కూర్చున్నాను. వాళ్ల నాయన భూమి రికార్డు చూసుకోవాలట. ఫోన్ ఆయనది, చదివేది బిడ్డ. మైకు బొమ్మ నొక్కి, సర్కారు భూమి రికార్డుల సైటు పేరు 'భూభారతి' అంది. వరుసగా వచ్చిన వాటిలో మొదటిదాన్ని నొక్కింది. అది సర్కారు సైటు కాదు. రంగులూ అక్షరాలూ అచ్చం అలాగే ఉన్నాయి, పైనున్న అడ్రసు మాత్రం వేరే. పేరు, ఫోన్ నంబరు అడిగింది. పిల్ల టకటకా కొట్టేసింది. ''ఇది ఎవరిదమ్మా?'' అని అడిగాను. ''నెట్‌ది సార్'' అంది. తండ్రి వంక చూస్తే, ''నాకేం తెల్వదు సార్, బిడ్డ జూస్తది'' అన్నాడు.

తొమ్మిదేళ్లుగా బడికి పోతున్న పిల్లకు పద్యం వచ్చు, భిన్నాలు వచ్చు. తెర మీది మాట ఎవరిదో కనుక్కోవడం మాత్రం ఎవరూ నేర్పలేదు. ఆ పిల్లనేం తప్పుపడతాం?

పిల్లలకు ఇంటర్నెట్ పరిచయం చేయడమంటే ల్యాబులో కంప్యూటర్లు దించడమే అనుకునేవాళ్లు ఒకవైపు, ఫోన్ లాక్కుంటే పీడ విరగడవుతుందనేవాళ్లు మరోవైపు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు. ఇద్దరితోనూ నా తగాదా ఒక్కటే. 49.87 అనే అంకెను ఇద్దరూ చూడరు.

2011 జనగణన ప్రకారం నేటి జోగులాంబ గద్వాల జిల్లా అక్షరాస్యత 49.87 శాతం. తెలంగాణ రాష్ట్ర సగటు 66.54 అయితే, జిల్లాలన్నిటిలో అడుగున ఉన్నది గద్వాల. అది పాత లెక్క అని కొట్టిపారేయొద్దు. ఆనాడు పాతికేళ్ల వయసులో చదువు రాని తల్లికి ఇప్పుడు నలభై. ఆమె పిల్లలే ఇవాళ మన హైస్కూళ్లలో ఉన్నారు. అంటే వేలాది ఇళ్లలో బ్యాంకు మెసేజీ, రేషన్ కబురు, ఆస్పత్రి చీటీ, వాట్సాప్ పుకారు ఏది వచ్చినా చదివి చెప్పేది ఆ పద్నాలుగేళ్ల పిల్లే. ఆ పిల్ల నమ్మితే ఇల్లు నమ్ముతుంది. నగరంలో పిల్లవాడు మోసపోతే తల్లిదండ్రులు అడ్డుపడతారు. ఇక్కడ అడ్డుపడేవాళ్లు లేరు.

ఈ సంగతి మనకు 2018లోనే తెలిసొచ్చింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు, పార్ధీ గ్యాంగులు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు పోటెత్తిన ఎండాకాలం అది. గద్వాల, వనపర్తి పల్లెల్లో వేసవి రాత్రి మంచం వాకిట్లోనే పడుతుంది. అలాంటిది జనం తలుపులు బిగించుకుని లోపల ఉక్కపోతలో పడుకుంటున్నారని కానిస్టేబుళ్లు గమనించారు. రెండు జిల్లాలనూ చూస్తున్న ఎస్పీ రెమా రాజేశ్వరి ప్రకటన ఇచ్చి ఊరుకోలేదు. పోలీసులను 400కు పైగా ఊళ్లకు పంపారు. వాళ్లు ఇల్లిల్లూ తిరిగి, ఆ వీడియో ఎందుకు అబద్ధమో చూపించి చెప్పారు. జానపద కళాకారులతో పాట కట్టించి డప్పు కొట్టించారు. పాటే ఎందుకు? 49.87. కరపత్రం పంచితే చదివేదెవరు?

అదే ఏడాది జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడలో అయిదుగురిని జనం కొట్టి చంపారు. జులై 13న మన పొరుగున బీదర్ జిల్లాలో హైదరాబాద్ యువకుడొకరు ఇదే పుకారుకు బలయ్యాడు. హైదరాబాద్‌లోనూ ప్రాణం పోయింది. గద్వాల, వనపర్తిలో ఒక్క ప్రాణమూ పోలేదు. దేశవిదేశాల పత్రికలు వచ్చి రాసుకుపోయాయి. ఆ పాఠాన్ని ఆ ఊళ్ల బడుల్లోకి తీసుకుపోవాలన్న ఆలోచన మాత్రం మనకు రాలేదు. పోలీసు అధికారి బదిలీ అయిపోతారు, పాట ఆగిపోతుంది. బడి ఊళ్లోనే ఉంటుంది.

కేరళకు ఆ ఆలోచన వచ్చింది. అదే 2018లో కన్నూర్ కలెక్టర్ మీర్ మొహమ్మద్ అలీ దాదాపు 150 ప్రభుత్వ బడుల్లో అబద్ధపు వార్తలను పట్టుకోవడం పాఠంగా చెప్పించారు. బిహార్‌లో జరిగింది మనకు ఇంకా దగ్గరిది. అక్కడ పరిశోధకులు మొదట పెద్దలకు ఇంటికెళ్లి గంటసేపు శిక్షణ ఇచ్చి చూశారు. పెద్దగా మార్పు రాలేదు. తర్వాత 583 గ్రామాల్లో 13,500 మందికి పైగా విద్యార్థులను గ్రంథాలయాల్లో కూర్చోబెట్టి, కొన్ని వారాల పాటు నాలుగు విడతలుగా పాఠం చెప్పారు. నెలల తర్వాత పరీక్షించినా పిల్లలు నిజాన్నీ అబద్ధాన్నీ విడదీయగలిగారు. మరో విషయం కూడా తేలింది. పాఠం వినని తల్లిదండ్రులకు కూడా పిల్లల ద్వారా ఆ విచక్షణ అబ్బింది. 49.87 శాతం ఉన్న జిల్లాకు ఇంతకన్నా ముఖ్యమైన ఫలితం ఏముంటుంది?

ముందు అక్షరాలు రానివ్వండి, ఇంటర్నెట్ తర్వాత చూద్దామని మా ఉపాధ్యాయ మిత్రులంటారు. వాళ్ల బాధ నిజమే. విత్తన పత్తి క్రాసింగ్ పనులొస్తే గద్వాలలో బెంచీలు ఖాళీ అవుతాయి. నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమల లోపల సిగ్నల్ అందని చెంచు పెంటలున్నాయి. కానీ ఫోన్ మన సిలబస్ కోసం ఆగలేదు. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2024లో జరిగినప్పుడు, దేశంలోని పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మంది స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చన్నారు. వాళ్లలో అంతకుముందు వారంలో చదువు కోసం వాడినవాళ్లు 57 శాతమైతే, సోషల్ మీడియా చూసినవాళ్లు 76 శాతం. పరిచయం ఎప్పుడో అయిపోయింది. మన ప్రమేయం లేకుండా అయిపోయింది.

పైగా ఈ పాఠానికి ల్యాబ్ అక్కర్లేదు. ఒక ఫార్వర్డ్ మెసేజీని బోర్డు మీద రాస్తే చాలు. ఇది చెప్పిందెవరు? ఎప్పుడు చెప్పారు? ఇదే మాట మరెవరైనా చెప్పారా? నమ్మితే డబ్బు ఎవరికి పోతుంది? సర్కారు సైటు అడ్రసు చివర ఏముంటుంది? ఒక సోషల్ పీరియడ్ సరిపోతుంది. సిగ్నల్ లేని చోటి పిల్లలకూ కాగితం మీద చెప్పవచ్చు.

ఆస్ట్రేలియాలా పదహారేళ్లలోపు వాళ్లకు నిషేధం పెట్టాలనేవాళ్లకు ఒకటే అడుగుతాను. అక్కడ 2025 డిసెంబరు 10 నుంచి ఆపింది పిల్లల సోషల్ మీడియా ఖాతాలను. గద్వాలలో పిల్ల చేతిలో ఉన్నది నాయన ఫోన్, నాయన ఖాతా. రేపు పింఛను మెసేజీ వస్తే ఆ ఇంట్లో చదివేదెవరు? పిల్ల చేతిలోంచి ఫోన్ తీసేసి, చదువు రాని తండ్రిని దాని ముందు ఒంటరిగా నిలబెడతారా?

ఇక కంప్యూటర్లు దించామని ఫొటోలు దిగేవాళ్ల సంగతి. పదో తరగతి సాంఘికశాస్త్రం ప్రశ్నపత్రంలో ఒక వాట్సాప్ మెసేజీ ఇచ్చి, ఇది నిజమో కాదో ఎలా తేలుస్తావని నాలుగు మార్కుల ప్రశ్న పెట్టమనండి. మార్కులుంటే పాఠం దానంతటదే వస్తుంది. ఖర్చు పైసా ఉండదు. మరి ఎందుకు పెట్టరు? టెండరు పిలవడానికి అందులో ఏమీ లేదు కాబట్టా? 2018లో ఆ 400 ఊళ్లలో తలుపు తట్టింది పోలీసులు. ఎనిమిదేళ్లు కావస్తున్నా ఆ తలుపుల వెనక పిల్లలు ఉన్నారన్న సంగతి విద్యాశాఖకు గుర్తులేదు.