ఛాయాచిత్రాలపై మన ముద్ర

మన విద్యార్థులు తీసే ఛాయాచిత్రాలపై కళాశాల చిహ్నాన్ని పారదర్శకమైన నీటిముద్రగా, అనగా వాటర్‌మార్క్‌గా వేయాలన్న ప్రతిపాదన హర్షించదగినదే. ఉద్దానం తోటల్లోనో, పలాస జీడి కర్మాగారాల వద్దనో తీసిన చిత్రం మరునాటికే పది చేతులు మారి, ఊరూ పేరూ పోగొట్టుకొని తిరిగి మన ఫోనుకే చేరుతున్న కాలమిది. ఉర్దూలో సీతాకోకచిలుక అని అర్థమిచ్చే తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న పలాస సమీపాన తీరం దాటి, కొబ్బరి, జీడి మామిడి తోటలను నేలకూల్చింది. ఆనాటి చిత్రాలకైనా స్థలమూ తేదీ తొలగిపోతే, అవి ఏ తీరానివో, ఏ తుపానువో చెప్పజాలని కూలిన చెట్ల బొమ్మలుగా మిగిలిపోతాయి. కనుక ముద్ర అవసరమే. అయితే, చేతితో గీసిన పాత చిహ్నం చక్కగా లేదు గనుక దానిని కంప్యూటరుపై కొత్తగా గీయించి వాడుదామన్న మాటతో మాత్రం నేను ఏకీభవించలేను.

ఆ చిహ్నంలో పైన ఉర్దూ పంక్తి, దిగువన తెలుగు పంక్తి, నడుమ కొబ్బరిమట్ట ఉన్నాయి. ఉర్దూ పంక్తిని ఏటవాలుగా చెక్కిన రెల్లు కలంతో వ్రాశారు. కలం తిరిగిన దిక్కును బట్టి ఒకే గీత ఒకచోట లావై, మరొకచోట వెంట్రుకవలె సన్నగిల్లుతుంది. అచ్చుకు వాడే సామాన్యమైన కంప్యూటరు అక్షరాల్లో ఈ ఊపిరి కనబడదు. పైగా బొమ్మను శుభ్రపరచే సాధనాలు చిన్న చుక్కలను మరకలుగా భావించి తుడిచివేస్తాయి. ఉర్దూలో చుక్క పైనుంటే ‘ఖుదా’, అదే చుక్క కిందికి దిగితే ‘జుదా’. దేవుడన్న మాట వేరుపాటు అవుతుంది! తెలుగు వారికి ఈ చిక్కు లేదనుకోవద్దు. ‘కథ’లోని పొట్టచుక్క చెరిగితే ‘కధ’యే మిగులుతుంది. చుక్కల విలువ ఎరిగిన రెండు భాషల కళాశాల ఆ పనిని యంత్రానికి వదిలిపెట్టడం తగునా?

చేతిగీతను నీటిముద్రగా మార్చడానికి దానిని తిరిగి గీయవలసిన పని లేదు. మూలచిత్రాన్ని అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేయాలి. స్కానర్ లేకుంటే నీడ పడని పగటి వెలుతురులో, కాగితానికి నేరుగా ఎదురుగా ఉండి ఫోటో తీయవచ్చు. తరువాత కాగితం పూర్తిగా తెల్లబడేవరకు, సిరా పూర్తిగా నల్లబడేవరకు వెలుగునీడలను సవరించాలి. ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు. తెలుపును రబ్బరుతో చెరిపినట్లు చెరిపితే గీతల అంచున బూడిదరంగు పొర మిగిలి, ముదురు చిత్రంపై తెల్లని అంచు కట్టినట్లు అసహ్యంగా కనబడుతుంది. తెలుపును చెరపరాదు, పారదర్శకతగా మార్చాలి. ఉచితంగా లభించే జింప్ అనే సాఫ్ట్‌వేర్‌లో ‘కలర్ టు ఆల్ఫా’ అన్న ఏర్పాటు సరిగ్గా ఈ పనికే ఉంది. అది బూడిదరంగును సగం పారదర్శకం చేస్తుంది గనుక కలం అంచు చెక్కుచెదరదు. ఫలితాన్ని పీఎన్‌జీ రూపంలో భద్రపరచాలి. జేపీజీ రూపానికి పారదర్శకతను దాచుకొనే శక్తి లేదు, వెనుక తెల్లని డబ్బా మళ్లీ ప్రత్యక్షమవుతుంది.

ముద్రను నలుపులో ఒకటి, తెలుపులో ఒకటిగా రెండు చేసి ఉంచుకోవడం మేలు. నౌపడా ఉప్పు కుప్పల తెల్లదనంపై నల్లముద్రే నిలుస్తుంది. పొగచూరిన జీడి బట్టీ గోడపై తెల్లదే కనబడుతుంది. గాఢత నూటికి 20 నుండి 30 పాళ్లు చాలునని నా అభిప్రాయం.

అంతకు మించి ఎందుకు వద్దంటే, నీటిముద్ర పుట్టుకలోనే అణకువ ఉంది. 13వ శతాబ్ది చివర ఇటలీలోని ఫాబ్రియానో కాగితపు పనివారు అచ్చు జల్లెడపై తీగను వంచి కుట్టేవారు. తీగ ఉన్నచోట కాగితం పలుచబడి, వెలుగుకు ఎదురుగా పట్టినప్పుడే గుర్తు కనబడేది. 1996 నుండి వచ్చిన మహాత్మాగాంధీ శ్రేణి నోట్లలో గాంధీజీ రూపం, అంతకు పూర్వపు నోట్లలో అశోకుని సింహశీర్షం ఆ విధంగానే ఒదిగి ఉన్నాయి. వెదికినవారికి కనబడాలి, చూడవచ్చినవారికి అడ్డు రాకూడదు. తేలినీలాపురం గూడబాతు ముక్కు మీదుగా మన చిహ్నం పరచుకొంటే ప్రేక్షకుడు చూసేది పక్షినా, కళాశాల బడాయినా?

ముద్ర దొంగను ఆపుతుందన్న భ్రమ కూడా వద్దు. మూలనున్న దానిని కత్తిరించవచ్చు, నడుమనున్న దానిని చెరిపే సాధనాలూ వచ్చాయి. నిజాయితీ గల పాఠకుడు చిత్రం ఎక్కడిదో విచారించదలచినప్పుడు చేరవలసిన చోటును అది తెలుపుతుంది. నాకు అంతే చాలు. చట్టం కూడా కొంత అండగా ఉంది. 1957 నాటి కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, కర్త పేరు వంటి హక్కుల సమాచారాన్ని తెలిసి, అనుమతి లేకుండా తొలగించడం శిక్షార్హమైన నేరం.

కర్త అన్న మాట వచ్చింది గనుక కమిటీ పెద్దలకు ఒక మనవి. విద్యార్థి తన ఇష్టం మేరకు, తన ఫోనుతో తీసిన చిత్రానికి సాధారణంగా అతడే హక్కుదారు. కళాశాల చిహ్నం కనబడి, తీసిన పిల్లవాడి పేరు కనబడకపోతే, మనం నివారించదలచిన అన్యాయమే మన ఇంటిలోనే మొదలవుతుంది. మన జిల్లా శ్రీకాకుళంలో 1921లో జన్మించిన వడ్డాది పాపయ్యగారు ‘చందమామ’కు, ‘యువ’కు వేసిన బొమ్మలను ‘వ.పా.’ అన్న రెండక్షరాలతోనే తెలుగు పాఠకులు గుర్తుపట్టారు. మన విద్యార్థికీ ఆ రెండక్షరాల చోటు చిహ్నం పక్కన దక్కాలి.

మరొక సంగతి. ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధిగ్రస్తుల చిత్రాలను, జీడిగింజలు కొట్టి చేతులు నల్లబడిన స్త్రీల చిత్రాలను మన విద్యార్థులు తీస్తున్నారు. వారి అనుమతి అడగకుండా తీసిన చిత్రంపై మన ముద్ర పడితే ఆ తప్పిదానికి కళాశాల సంతకం చేసినట్లే. అటువంటి దానిని ప్రకటించకపోవడమే మంచిది.

ముద్ర వేసేది నకలుపైనే కావాలి. మూలచిత్రాన్ని తేదీతో, ఊరి పేరుతో, ఏ గుర్తూ లేకుండా గ్రంథాలయంలో రెండుచోట్ల భద్రపరచాలి. చేతితో గీసిన ఆ చిహ్నపు కాగితాన్ని ఇకనైనా మడతపెట్టక, రెండు అట్టల నడుమ పరచి బీరువాలో ఉంచవలసిందిగా కోరుతున్నాను.