హైదరాబాదు ఎఫ్‌సి 2023–24 సీజను

హైదరాబాదు ఎఫ్‌సి 2023–24 సీజను అనేది, భారతదేశంలో అగ్రశ్రేణి ఫుట్‌బాల్ పోటీ అయిన ఇండియన్ సూపర్ లీగులో హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు ఆడిన ఐదవ సీజను. ఈ సీజనులో క్లబ్బు 12 జట్లలో చిట్టచివరి స్థానం పొందినది. ఆడిన 22 మ్యాచ్‌లలో ఒక్కటి గెలిచి, 5 డ్రా చేసుకొని, 16 ఓడి, మొత్తం 8 పాయింట్లు సంపాదించినది. 10 గోల్స్ చేసి, 43 గోల్స్ ఇచ్చినది. ఇదే క్లబ్బు రెండు సంవత్సరాల క్రితం లీగు ట్రోఫీని గెలుచుకొనగా, ముందటి సంవత్సరం పట్టికలో రెండవ స్థానంలో ఉన్నది. ఇంత తక్కువ కాలంలో ఇంతటి పతనానికి మూలకారణం ఆటగాళ్ళ ప్రతిభా లోపం కాదు, జీతాల బకాయిలు. ఆ బకాయిలు ఒక జట్టును ఎలా విచ్ఛిన్నం చేశాయో, చివరకు నగరానికే క్లబ్బు లేకుండా ఎలా పోయిందో ఈ వ్యాసంలో వివరించబడినది.

నేపథ్యం

హైదరాబాదుకు ఫుట్‌బాల్ కొత్త కాదు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సార్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచినది. ఆ జట్టుకు శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీం, భారత జట్టుకు కూడా శిక్షకుడై 1951, 1962 ఆసియా క్రీడలలో బంగారు పతకాలు సాధించిపెట్టారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాలుగవ స్థానం పొందినది కూడా ఆయన శిక్షణలోనే. సికింద్రాబాదు అమ్ముగూడలో జన్మించిన తులసీదాస్ బలరాం ఆ తరానికి చెందిన ప్రసిద్ధ ఆటగాడు. 1963లో రహీం మరణించిన తరువాత నగరంలో ఈ ఆట క్రమంగా వెనుకబడినది. క్రికెట్‌కు ఆదరణ పెరిగినది.

క్లబ్బు స్థాపన, ఎదుగుదల

2019లో ఎఫ్‌సి పుణె సిటీ మూతపడగా, లీగులో ఆ క్లబ్బు స్థానాన్ని హైదరాబాదు ఎఫ్‌సి భర్తీ చేసినది. వరుణ్ త్రిపురనేని, విజయ్ మద్దూరి దీని వ్యవస్థాపకులు. గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి క్రీడాప్రాంగణం సొంత మైదానం అయినది. తొలి శిక్షకుడు ఇంగ్లాండుకు చెందిన ఫిల్ బ్రౌన్. ఈయన పూర్వం హల్ సిటీ జట్టును ప్రీమియర్ లీగుకు చేర్చిన వ్యక్తి. అయినా తొలి సీజనులో హైదరాబాదు చివరి స్థానంలోనే నిలిచినది. సీజను ముగియక ముందే బ్రౌన్‌ను తొలగించారు.

2020లో స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్కెజ్ శిక్షకుడుగా వచ్చిన తరువాత పరిస్థితి మారినది. ఆయన యువ భారతీయ ఆటగాళ్ళను నమ్మి ఆడించారు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో వంటివారు ఈ క్లబ్బులోనే వెలుగులోకి వచ్చారు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌తో 1–1 సమానంగా ముగించి, పెనాల్టీలలో 3–1తో గెలిచి హైదరాబాదు ట్రోఫీ అందుకున్నది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలను ఆపారు. నైజీరియాకు చెందిన బార్తొలొమ్యూ ఒగ్బెచే ఆ సీజనులో 18 గోల్స్ చేసి లీగులో అత్యధిక గోల్స్ చేసిన ఆటగాడుగా నిలిచారు.

సీజనుల వారీగా ఫలితాలు

- 2019–20: 10 జట్లలో 10వ స్థానం. గెలుపు 2, డ్రా 4, ఓటమి 12. పాయింట్లు 10.
- 2020–21: 11 జట్లలో 5వ స్థానం. గెలుపు 6, డ్రా 11, ఓటమి 3. పాయింట్లు 29.
- 2021–22: 11 జట్లలో 2వ స్థానం. గెలుపు 11, డ్రా 5, ఓటమి 4. పాయింట్లు 38. ఫైనల్లో విజయం.
- 2022–23: 11 జట్లలో 2వ స్థానం. గెలుపు 13, డ్రా 3, ఓటమి 4. పాయింట్లు 42. సెమీఫైనల్లో ఓటమి.
- 2023–24: 12 జట్లలో 12వ స్థానం. గెలుపు 1, డ్రా 5, ఓటమి 16. పాయింట్లు 8.
- 2024–25: 13 జట్లలో 12వ స్థానం. గెలుపు 4, డ్రా 6, ఓటమి 14. పాయింట్లు 18.

ఈ పట్టికలో 2022–23కు, 2023–24కు మధ్య తేడా 34 పాయింట్లు. ఒక మంచి జట్టు ఒక్క వేసవిలో ఆట మరచిపోదు. కనుక కారణాలను మైదానం వెలుపల వెదకవలసి ఉన్నది.

2023–24 సీజను గమనం

2023లో మార్కెజ్ ఎఫ్‌సి గోవాకు వెళ్ళిపోయారు. ఆకాశ్ మిశ్రా ముంబై సిటీలో, హాలిచరణ్ నర్జారీ బెంగళూరు ఎఫ్‌సిలో చేరారు. ఒగ్బెచే కూడా జట్టును వీడారు. అంతకు పూర్వం ఇదే క్లబ్బులో సహాయ శిక్షకుడుగా ఉన్న తంగ్‌బోయ్ సింగ్టో ప్రధాన శిక్షకుడయ్యారు. ఆయనతో పాటు శిక్షణ బాధ్యతలు పంచుకొన్న ఐర్లాండుకు చెందిన కోనార్ నెస్టర్ సీజను మధ్యలోనే వెళ్ళిపోయారు.

2024 జనవరి బదిలీల సమయంలో జట్టు దాదాపుగా ఖాళీ అయినది. నిఖిల్ పూజారి, చింగ్లెన్‌సనా సింగ్ బెంగళూరుకు, మొహమ్మద్ యాసిర్ గోవాకు వెళ్ళారు. విదేశీ ఆటగాళ్ళు ఒకరి తరువాత ఒకరుగా వెళ్ళిపోగా, చివరకు మిగిలినది బ్రెజిల్‌కు చెందిన జొవావ్ విక్టర్ ఒక్కరే. లీగు నియమాల ప్రకారం ఒక జట్టు మైదానంలో ఒకేసారి నలుగురు విదేశీయులను ఆడించవచ్చును. గోల్స్ చేసే స్థానాలలో సాధారణంగా వీరే ఉంటారు. ప్రత్యర్థులు నలుగురితో ఆడుతుండగా హైదరాబాదు ఒకరితో, మిగిలినవారంతా అనుభవం లేని యువకులతో ఆడవలసి వచ్చినది. 22 మ్యాచ్‌లలో 10 గోల్స్ మాత్రమే రావడానికి ఇది ప్రధాన కారణం.

తొలి గెలుపు కోసం 2024 మార్చి వరకు ఎదురుచూడవలసి వచ్చినది. చెన్నైయిన్ ఎఫ్‌సిపై 1–0తో లభించిన ఆ విజయమే సీజనులో ఏకైక విజయం. పట్టికలో వీరికి పైన, 11వ స్థానంలో ఉన్న జంషెడ్‌పూర్‌కు 21 పాయింట్లు ఉన్నాయి. ఇన్ని ఓటముల మధ్య కూడా చివరి మ్యాచ్ వరకు బరిలోకి దిగిన యువ ఆటగాళ్ళను నిందించడానికి అవకాశం లేదు. వారిలో పలువురికి అగ్రశ్రేణి ఆటలో అదే మొదటి అవకాశం.

బకాయిలు, నిషేధం

ఆటగాడు క్లబ్బుకు ఉద్యోగి. అతని ఒప్పందానికి అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య అయిన ఫిఫా నియమాలు వర్తిస్తాయి. హైదరాబాదు విషయంలో రెండు నియమాలు ముఖ్యమైనవి.

మొదటిది బకాయిలకు సంబంధించినది. ఆటగాడికి లేదా మరొక క్లబ్బుకు చెల్లించవలసిన సొమ్ము చెల్లించకపోతే, ఆ క్లబ్బు కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకొనరాదని ఫిఫా ఆదేశించవచ్చును. బాకీ తీర్చగానే నిషేధం తొలగిపోతుంది. తీర్చకపోతే వరుసగా మూడు నమోదు కాలాల వరకు కొనసాగవచ్చును. మాజీ ఆటగాళ్ళకు ఉన్న బకాయిల వలన హైదరాబాదు ఈ నిషేధానికి గురి అయినది.

రెండవది 2018లో చేర్చబడిన నియమం. రెండు నెలల జీతం అందని ఆటగాడు క్లబ్బుకు వ్రాతపూర్వకంగా తెలియజేసి, 15 రోజుల గడువు ఇవ్వాలి. ఆ గడువులోగా జీతం అందకపోతే, న్యాయమైన కారణం చూపి ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చును.

ఈ రెండు నియమాలనూ కలిపి చూస్తే పతనం వేగం అర్థమవుతుంది. జీతం అందనివారు వెళ్ళిపోవడానికి ఒక నియమం తలుపు తెరుస్తుంది. వారి స్థానంలో కొత్తవారు రాకుండా మరొక నియమం తలుపు మూస్తుంది. ఉన్నవారు తరిగిపోతూ, కొత్తవారు రాక, జట్టు నానాటికీ క్షీణిస్తుంది. ఓటముల వలన ప్రేక్షకులు తగ్గుతారు. ప్రేక్షకులు తగ్గితే ప్రకటనల రాబడి తగ్గుతుంది. రాబడి తగ్గితే బకాయిలు ఇంకా పెరుగుతాయి.

జీతపు బకాయి మాట జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల పాఠకులకు కొత్త కాదు. ఈ ప్రాంతం నుండి దశాబ్దాలుగా గల్ఫ్ దేశాలకు వలస వెళ్ళిన కార్మికులలో, నెలల తరబడి జీతం రాక ఉత్త చేతులతో తిరిగి వచ్చినవారు ఉన్నారు. అయితే ఒక భేదం గమనించవలెను. జీతం ఆగిన ఆటగాడు 15 రోజుల గడువు తరువాత మరొక క్లబ్బుకు వెళ్ళగలడు. గల్ఫ్‌లోని కఫాలా పద్ధతిలో కార్మికుడు యజమాని అనుమతి లేనిదే పని మారలేని స్థితి చాలాకాలం ఉండినది. 2022 ప్రపంచ కప్పుకు ఆతిథ్యమిచ్చిన ఖతార్ ఈ అనుమతి నిబంధనను 2020లో తొలగించినది. ఫుట్‌బాల్ ఆటగాడికి ఉన్న రక్షణ, ఆ ఆట కోసం మైదానాలు కట్టిన కూలీకి అంత ఆలస్యంగా లభించినది.

ఇంగ్లాండు క్లబ్బులతో పోలిక

ఒకే ఒక గెలుపుతో సీజను ముగించిన క్లబ్బులలో ఇంగ్లాండుకు చెందిన డర్బీ కౌంటీ ప్రసిద్ధమైనది. 2007–08 ప్రీమియర్ లీగులో ఆ జట్టు 38 మ్యాచ్‌లలో ఒకటి గెలిచి, 8 డ్రా చేసుకొని, 29 ఓడి, 11 పాయింట్లతో క్రింది శ్రేణికి పడిపోయినది. ఇదే క్లబ్బు 2021–22లో అప్పుల పాలై, 21 పాయింట్ల కోతకు గురై, మూడవ శ్రేణికి దిగిపోయినది. అయినా క్లబ్బు డర్బీ పట్టణాన్ని విడిచిపోలేదు. 2022లో స్థానిక వ్యాపారి ఒకరు కొనుగోలు చేయగా, 2024లో తిరిగి రెండవ శ్రేణికి చేరుకున్నది.

పోర్ట్స్‌మత్ క్లబ్బు ఉదాహరణ హైదరాబాదుకు మరింత దగ్గరగా ఉన్నది. 2009–10లో ఆ క్లబ్బు ఆటగాళ్ళకు జీతాలు సకాలంలో ఇవ్వలేకపోయినది. దివాలా ప్రక్రియలోకి వెళ్ళి, 9 పాయింట్ల కోతకు గురై, చివరి స్థానంలో నిలిచినది. తరువాత 2013లో అభిమానుల సంఘం ముందుకు వచ్చి క్లబ్బును కొని, 2017 వరకు నడిపినది.

ఈ రెండు ఉదాహరణలలోనూ పతనం ఉన్నది, కాని అంతం లేదు. అక్కడ క్రింది శ్రేణులు ఉన్నాయి. కూలిన క్లబ్బు క్రింద నిలబడి, మెల్లగా పైకి ఎక్కవచ్చును. ఇండియన్ సూపర్ లీగులో 2024–25 వరకు క్రింది శ్రేణికి దించే పద్ధతి అమలు కాలేదు. చివరి స్థానానికి శిక్ష లేదు కాబట్టి మంచిదే అనిపించవచ్చును. కాని ఈ పద్ధతిలో లీగులోని స్థానం యజమాని చేతిలోని హక్కు. ఆ హక్కును మరొకరికి అమ్మవచ్చును, మరొక ఊరికి తరలించవచ్చును.

తరువాతి పరిణామాలు

2024 సెప్టెంబరులో బి.సి. జిందాల్ గ్రూపు క్లబ్బును స్వాధీనం చేసుకున్నది. 2024–25 సీజను ఆలస్యంగా సమకూర్చిన జట్టుతో మొదలైనది. డిసెంబరులో సింగ్టో పదవి నుండి తప్పుకొనగా, షమీల్ చెంబకత్ తాత్కాలిక శిక్షకుడుగా వ్యవహరించారు. జట్టు 18 పాయింట్లతో 12వ స్థానం పొందినది. 2025లో క్లబ్బును ఢిల్లీకి తరలించి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చారు.

ఇందులో ఒక విచిత్రం ఉన్నది. 2019లో పుణె నగరం కోల్పోయిన స్థానం హైదరాబాదుకు దక్కినది. అదే సంవత్సరం ఢిల్లీ డైనమోస్ క్లబ్బు ఒడిషాకు తరలిపోగా, ఢిల్లీకి క్లబ్బు లేకుండా పోయినది. ఆరు సంవత్సరాల తరువాత హైదరాబాదు క్లబ్బు ఢిల్లీకి వెళ్ళినది. వచ్చిన మార్గంలోనే పోయినది.

ఇంగ్లాండులో ఇటువంటి తరలింపు జరిగిన ప్రసిద్ధ సందర్భం వింబుల్డన్. ఆ క్లబ్బును మిల్టన్ కీన్స్ పట్టణానికి తరలించడానికి 2002లో అనుమతి లభించగా, అభిమానులు అదే సంవత్సరం ఎ.ఎఫ్.సి. వింబుల్డన్ పేరుతో సొంత క్లబ్బును స్థాపించారు. క్రింది శ్రేణిలో మొదలుపెట్టిన ఆ క్లబ్బు 2011లో ఫుట్‌బాల్ లీగులోకి ప్రవేశించినది.

విశ్లేషణ

హైదరాబాదు ఎఫ్‌సి పతనం నుండి గ్రహించదగిన విషయాలు మూడు.

మొదటిది, విజయం ఆర్థిక ఆరోగ్యానికి గుర్తు కాదు. ట్రోఫీ గెలిచిన సంవత్సరం నుండి చివరి స్థానం వరకు పట్టినది రెండు సీజనులు మాత్రమే. జీతాలకు తగిన రాబడి లేని చోట గెలుపు కొంతకాలం లోటును కప్పిపుచ్చగలదు, పూడ్చలేదు.

రెండవది, మంచి శిక్షకుడు తయారు చేసిన ఆటగాళ్ళను నిలుపుకోవడం వేరొక పని. కొలాసో, ఆశిష్ రాయ్ కోల్‌కతాకు వెళ్ళారు. ఇతరులు బెంగళూరు, ముంబై, గోవాలకు వెళ్ళారు. హైదరాబాదు పెంచిన మొక్కలు ఇతర నగరాల తోటలలో ఫలించాయి.

మూడవది, క్లబ్బుకు నగరంలో వేళ్ళు కావాలి. ఐ-లీగులో ఆడిన శ్రీనిధి డెక్కన్ 2022–23, 2023–24 సీజనులలో వరుసగా రెండవ స్థానం పొందినా, పై లీగుకు అర్హత ప్రథమ స్థానానికే ఉండుటచే ప్రవేశించలేకపోయినది. ఒకే నగరంలో, 2023–24లో, ఒక క్లబ్బు పైకి ఎక్కలేక ఆగిపోగా, మరొకటి పైనే ఉండి కూలిపోయినది.

క్లబ్బు తరలిపోవడంతో తెలంగాణ, ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రాలకు ఇండియన్ సూపర్ లీగులో ప్రాతినిధ్యం లేకుండా పోయినది. జిల్లాలలోని పాఠశాల మైదానాలలో ఫుట్‌బాల్ ఆడే విద్యార్థికి ఇది కేవలం ఒక వార్త కాదు. తన రాష్ట్రంలోనే ఉండి చేరుకోగల మెట్లలో అన్నింటికంటె పైమెట్టు తొలగిపోయినది. ఇకపై ఆ స్థాయికి చేరదలచినవాడు ముందుగా ఊరు విడిచి బెంగళూరుకో, కోల్‌కతాకో, గోవాకో వెళ్ళవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

- సయ్యద్ అబ్దుల్ రహీం
- తులసీదాస్ బలరాం
- ఇండియన్ సూపర్ లీగు
- శ్రీనిధి డెక్కన్ ఎఫ్‌సి
- జి.ఎం.సి. బాలయోగి క్రీడాప్రాంగణం