108 ముందు, 911 వెనక

ఎండాకాలం వచ్చిందంటే మా వాన్‌లో తెలుగు ఇళ్లకి అమ్మానాన్నలో, అత్తమామలో దిగుతారు. వారం తిరిగేసరికి ప్రతి ఇంట్లోనూ వినిపించే మాట ఒకటుంది: "నిన్ననే కదమ్మా చెప్పాను, అప్పుడే మర్చిపోయావా?"

ఇది వయసు తెచ్చిన మతిమరుపే అనుకోనక్కర్లేదు. ముందు నేర్చుకున్నది కొత్తగా నేర్చుకున్నదాన్ని గుర్తుకు రానివ్వకపోవడాన్ని 'ప్రోయాక్టివ్ ఇంటర్‌ఫియరెన్స్' అంటారు. అమెరికాలో బెంటన్ అండర్‌వుడ్ అనే శాస్త్రవేత్త 1957లో అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూశారు. ఒకే ఒక్క పదాల జాబితా నేర్చుకున్నవాళ్లకి మర్నాటికి దాదాపు 75 శాతం గుర్తుంది. అంతకుముందే బోలెడు జాబితాలు నేర్చుకున్నవాళ్లకి 25 శాతం కూడా మిగలడం కష్టమైంది. మరి వాళ్లేం ముసలివాళ్లు కాదు, కాలేజీ పిల్లలు!

ఇక అరవై ఏళ్ల అలవాట్లతో వచ్చినవాళ్ల సంగతి చెప్పాలా? మన ఊళ్లో స్విచ్ కిందికి నొక్కితే లైటు వెలుగుతుంది, ఇక్కడ పైకి. అది తప్పితే పోయేదేం లేదు. కానీ రోడ్డు దాటేటప్పుడు అక్కడ ముందు కుడివైపు చూస్తాం, ఇక్కడ ఎడమవైపు చూడాలి. హైవే 7 మీద ముప్పుకి ఒక్క క్షణం చాలు. అంబులెన్స్ అంటే 2005 నుంచి మనవాళ్ల నోట్లో నానింది 108. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మామగారికి గుండెనొప్పి వస్తే, ఆ గాభరాలో అత్తగారి వేలు 911 కన్నా ముందు 108 మీదకే పోతుంది.

ఒకేలాంటివి పేరుకుంటే ఈ అడ్డు పెరుగుతుంది. విషయం మారిస్తే తగ్గుతుందని డెలోస్ వికెన్స్ ప్రయోగాల్లో తేలింది. అందుకే అలారం కోడు, వైఫై పాస్‌వర్డు, పోస్టల్ కోడు, 911 అన్నీ ఒకే పూట చెప్పకండి. ముందు 911 ఒక్కటే. మా అత్తగారికి నేను చెప్పడం మానేసి అడగడం మొదలుపెట్టాను: "అంబులెన్స్‌కి ఏ నంబరు అత్తయ్యా?" వారంపాటు, రోజుకోసారి. నంబరూ మా అడ్రసూ తెలుగులో రాసి ఫ్రిజ్‌కి అంటించాను. రోడ్డు మాత్రం పక్కన నడుస్తూ దాటించాల్సిందే.

ఒక్క జాగ్రత్త. కొత్తవే కాకుండా, ఏళ్లుగా చేతికి అలవాటైన వంటా, బాగా తెలిసిన మనుషుల పేర్లూ తరచుగా తప్పిపోతుంటే డాక్టరుకి చూపించాలి. అలాంటిదేమీ లేకపోతే, "మర్చిపోయావా?" అనే మాట ఈ వేసవికి మానేద్దాం. ఆ మాట వల్ల పెద్దవాళ్లు మళ్లీ అడగడానికి జంకుతారు. అడగనివాళ్లకి 911 ఎప్పటికీ నోటికి రాదు.