గ్యాస్‌కు కాలువలు తవ్వాం, చెరువు మరిచాం

సహజవాయువు రంగంలో మన ప్రగతి ఎంత అని అడిగితే జవాబు ఎప్పుడూ కిలోమీటర్లలోనే వస్తుంది. 1980లలో హజీరా నుంచి విజయ్‌పూర్ మీదుగా జగదీశ్‌పూర్‌కు వేసిన లైనుతో ఊపందుకున్న పని ఇప్పుడు సుమారు 25,000 కిలోమీటర్లకు చేరింది. అనుమతి పొందినవన్నీ పూర్తయితే ఈ పొడవు 33,000 కిలోమీటర్లు దాటుతుంది. ఇది చిన్న విషయం కాదు. కానీ ఇంకో ప్రశ్న అడిగి చూడండి. రేపు దిగుమతులు ఆగిపోతే మన దగ్గర ఎన్ని రోజులకు సరిపడా గ్యాస్ నిల్వ ఉంది? ఆ లెక్క రోజుల్లో చెప్పుకొనేంత లేదు. వాణిజ్య స్థాయిలో పనిచేసే భూగర్భ సహజవాయు నిల్వ కేంద్రం దేశంలో ఒక్కటీ లేదు.

నీటి విషయంలో మన పెద్దలు ఈ పొరపాటు చేయలేదు. వాన నాలుగు నెలలే కురుస్తుందని తెలుసు కాబట్టి కాకతీయుల కాలంలోనే గొలుసుకట్టు చెరువులు తవ్వించారు. కాలువ నీటిని ఒక చోటు నుంచి మరో చోటుకు చేరుస్తుంది. చెరువు ఒక కాలం నుంచి మరో కాలానికి చేరుస్తుంది. గ్యాస్ విషయంలో మనం మొదటి పని చేసి, రెండోదాన్ని వాయిదా వేస్తూ వస్తున్నాం.

పైప్‌లైన్లలోనే బోలెడంత గ్యాస్ ఉంటుంది కదా అనుకోవచ్చు. ఒక చిన్న లెక్క వేద్దాం. కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్ వరకు వెళ్లే పైప్‌లైన్ పొడవు దాదాపు 1,400 కిలోమీటర్లు. వ్యాసం 1.2 మీటర్లు అనుకుంటే లోపలి ఘనపరిమాణం సుమారు 16 లక్షల ఘనపు మీటర్లు. ఇలాంటి లైన్లలో గ్యాస్‌ను వాతావరణ పీడనానికి పదుల రెట్లు నొక్కి పంపుతారు. అవసరానికి పీడనాన్ని కొంత తగ్గనిచ్చి అదనపు గ్యాస్ తీయవచ్చు. మొత్తం పొడవునా పది వాతావరణాల మేర పీడనం తగ్గించినా అదనంగా వచ్చేది సుమారు 1.6 కోట్ల ఘనపు మీటర్లు. దేశం రోజుకు వాడేది 18 కోట్లకు పైగా. అంటే అంత పెద్ద లైను దేశాన్ని ఆదుకోగలిగేది రెండు గంటలు!

దిగుమతి టెర్మినళ్ల దగ్గరి ట్యాంకులు ఇంకాస్త మెరుగు. అక్కడ గ్యాస్ మైనస్ 162 డిగ్రీల సెల్సియస్ దగ్గర ద్రవంగా ఉంటుంది. ద్రవమయ్యాక అది ఆక్రమించే చోటు సుమారు 600 రెట్లు తగ్గుతుంది. 1.6 లక్షల ఘనపు మీటర్ల పెద్ద ట్యాంకు ఒకటి నిండుగా ఉంటే దేశానికి సగం రోజు గడుస్తుంది. కానీ ఎంత బందోబస్తుగా కట్టినా బయటి వేడి లోపలికి చేరుతూనే ఉంటుంది, ద్రవం కొంచెం కొంచెంగా ఆవిరవుతూనే ఉంటుంది. పైగా వచ్చే ఓడకు చోటు ఇవ్వాలి కాబట్టి ట్యాంకును ఖాళీ చేస్తూ ఉండాల్సిందే. నెలల తరబడి దాచుకోవడానికి కట్టినవి కావవి.

విశాఖపట్నంలో కొండ రాయిని తొలిచి 60,000 టన్నుల వంటగ్యాస్ నిల్వ చేస్తున్నాం కదా, ఇదీ అలాగే చేయలేమా? ఇక్కడ భౌతికశాస్త్రం అడ్డొస్తుంది. వంటగ్యాస్‌లో ఉండే ప్రొపేన్, బ్యూటేన్ మామూలు ఉష్ణోగ్రత దగ్గరే కాస్త నొక్కితే ద్రవమవుతాయి. సహజవాయువులో ప్రధానంగా ఉండేది మీథేన్. దాన్ని మైనస్ 82 డిగ్రీల కంటే చల్లబరచకపోతే ఎంత నొక్కినా ద్రవం కాదు. అందుకే దానికి చాలా పెద్ద చోటు కావాలి.

ఆ చోటు ప్రకృతి దగ్గరే ఉంది. గ్యాస్ తోడేసిన పాత క్షేత్రాల్లో ఇసుకరాయి రంధ్రాలు మిగిలి ఉంటాయి. వాటిపై మూతలా ఉన్న దట్టమైన రాతిపొర లక్షల ఏళ్లు గ్యాస్‌ను పట్టి ఉంచిందే. గ్యాస్ చవకగా దొరికినప్పుడు అందులోకి పంపి, కరవొచ్చినప్పుడు వెనక్కి తీయవచ్చు. కెనడాలోని ఒంటారియోలో 1915లోనే ఈ ప్రయోగం జరిగింది. అమెరికాలో ఇప్పుడు ఇలాంటి భూగర్భ నిల్వలు 400కు దగ్గరగా ఉన్నాయి. యూరోపియన్ యూనియన్ నిల్వ సామర్థ్యం సుమారు 10,000 కోట్ల ఘనపు మీటర్లు. మనం ఏడాది పొడవునా వాడే గ్యాస్ కంటే ఇది ఎక్కువ.

యూరప్‌కు చలికాలంలో ఇళ్లను వెచ్చబరచుకునే అవసరం ఉంది, మనకెందుకు అనే వాదన ఉంది. మన ఒడిదుడుకులు వేరు, అంతే. మనం వాడే గ్యాస్‌లో దాదాపు సగం దిగుమతిదే. అందులో పెద్ద వాటా ఖతార్ నుంచి, హొర్ముజ్ అనే ఒకే ఇరుకు దారిలో వస్తుంది. 2020 వేసవిలో ఆసియా మార్కెట్లో పది లక్షల బీటీయూల గ్యాస్ 2 డాలర్ల దగ్గర దొరికింది. 2022 ఆగస్టులో అదే 70 డాలర్లకు చేరింది. ఆ ఏడాదే దీర్ఘకాలిక ఒప్పందం కింద రావాల్సిన ఓడలు కొన్ని రాకపోవడంతో గెయిల్ ఎరువుల కర్మాగారాలకు సరఫరా తగ్గించాల్సి వచ్చింది. యూరియాకు ముడిసరుకు గ్యాసే కాబట్టి ఆ దెబ్బ చివరికి తగిలేది రైతుకో, సబ్సిడీ భరించే ఖజానాకో. చవకగా ఉన్నప్పుడు కొని దాచుకునే చోటు మన దగ్గర లేదు. మండిపోతున్నప్పుడు కొనక తప్పలేదు.

నిల్వ అన్ని రోగాలకూ మందు కాదు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో డి6 క్షేత్రం 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా ఇచ్చి, తర్వాత కొన్నేళ్లలోనే కూలబడింది. దాన్ని నమ్ముకుని ఆంధ్రప్రదేశ్‌లో కట్టిన విద్యుత్ కేంద్రాలు ఏళ్ల తరబడి ఖాళీగా నిలబడ్డాయి. అలాంటి దీర్ఘకాలిక క్షీణతను ఏ నిల్వా ఆపలేదు. అది పూడ్చగలిగేది వారాల, నెలల లోటునే.

ఖర్చు మాటేమిటి? పాత క్షేత్రంలో పీడనం నిలబడాలంటే నింపిన గ్యాస్‌లో సుమారు సగం అడుగున శాశ్వతంగా వదిలేయాలి. చెరువులో తూము మట్టానికి దిగువన మిగిలే నీటిలాంటిది అది. మామూలు రోజుల్లో ఇది దండగ ఖర్చులాగే కనిపిస్తుంది. బ్రిటన్ అలాగే అనుకుని, తన అతిపెద్ద నిల్వ కేంద్రమైన రఫ్‌ను 2017లో మూసేసింది. 2022లో సంక్షోభం ముంచుకొచ్చాక కొంత మేర మళ్లీ తెరిచింది.

ఖర్చు కంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది భద్రత. 2015 అక్టోబరులో కాలిఫోర్నియాలోని అలిసో కాన్యన్ నిల్వ కేంద్రంలో 1950ల నాటి బావి గొట్టం తుప్పుపట్టి పగిలింది. దాన్ని మూయడానికి దాదాపు నాలుగు నెలలు పట్టింది. సుమారు 97,000 టన్నుల మీథేన్ గాలిలో కలిసింది. ఇరవై ఏళ్ల వ్యవధిలో చూస్తే మీథేన్ భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కు 80 రెట్లు. మనకూ నగరం గ్రామం ఉంది. 2014 జూన్ 27న కోనసీమలోని ఆ ఊళ్లో పైప్‌లైన్ పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన పైపులో నీరు కలిసిన గ్యాస్ పంపడంతో లోపలి నుంచి తుప్పు పట్టిందని విచారణలో తేలింది. రెండు చోట్లా ప్రమాదానికి మూలం తుప్పే. సరైన తనిఖీలతో ముందే పట్టుకోగలిగిన తుప్పు.

కాబట్టి నిల్వ కావాలి, కానీ ఈ షరతులతో. ఒకటి, కృష్ణా-గోదావరి, ఖంబాత్, అస్సాం ప్రాంతాల్లో నేలమీది పాత క్షేత్రాలను, రాజస్థాన్ ఉప్పు పొరలను పరీక్షించి, ఫలితాలను ప్రజల ముందు పెట్టాలి. రెండు, మొదట పది రోజుల వినియోగానికి సరిపడా నిల్వ లక్ష్యంగా పెట్టుకుంటే చాలు. 2070 నాటికి నికర సున్నా ఉద్గారాలకు చేరతామని మాటిచ్చిన దేశం యూరప్ అంత పెద్ద నిల్వలు కట్టనక్కర్లేదు. మూడు, పాత బావులన్నింటి గొట్టాలనూ పరీక్షించి, నిరంతరం మీథేన్‌ను కొలిచే పరికరాలు అమర్చాకే మొదటి ఘనపు మీటరు లోపలికి వెళ్లాలి. ఆ కొలతలు చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు కనిపించాలి.

పైప్‌లైన్ వేస్తే రిబ్బన్ కత్తిరించవచ్చు, మ్యాపు మీద గీత చూపించవచ్చు. భూమి లోపలి నిల్వ ఎవరికీ కనిపించదు. అందుకేనేమో అది ఇన్నాళ్లూ వెనకబడింది. ఇకపై గ్యాస్ రంగం వార్షిక నివేదికలో కిలోమీటర్ల పక్కన మరో అంకె కూడా ఉండాలి: మన నిల్వ ఎన్ని రోజులు?