శ్రుతి ఎవరు చెయ్యాలి?

తంబురా శ్రుతి చేసుకోవడానికి ఎలక్ట్రానిక్ ట్యూనర్లు వచ్చేశాయి. తీగ ఎంత బిగించాలో అవి చెబుతాయి. కానీ ఒకటిన్నర శ్రుతిలో పాడాలా, నాలుగు శ్రుతిలో పాడాలా అన్నది పాడేవారి గొంతును బట్టే ఉంటుంది. కంట్రోల్ సాఫ్టువేరులో "ఆటో ట్యూన్" బటన్ కనబడినప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలని నా అభిప్రాయం.

షవర్ కింద నిలబడి వేడినీళ్ళ కుళాయి తిప్పుతాం. ఇంకా చల్లగానే ఉన్నాయని మరికాస్త తిప్పుతాం. ఇంతలో ఒళ్ళు చుర్రుమంటుంది. గబుక్కున వెనక్కి తిప్పితే మళ్ళీ చన్నీళ్ళు! ఇలా ఫలితాన్ని చూసుకుంటూ దిద్దుకోవడమే ఫీడ్‌బ్యాక్ కంట్రోల్. బాగా వాడుకలో ఉన్న పి.ఐ.డి. కంట్రోలర్ మూడు సంగతులు చూస్తుంది: ఇప్పుడు తేడా ఎంత, ఇంతవరకు పేరుకున్న తేడా ఎంత, అది ఎంత వేగంగా మారుతోంది. దేనికి ఎంత విలువ ఇవ్వాలో మూడు అంకెలు చెబుతాయి. ఆ అంకెలు కుదర్చడమే ట్యూనింగ్.

1942లో జీగ్లర్, నికొల్స్ అనే అమెరికన్ ఇంజనీర్లు ఇందుకు సూత్రాలు ఇచ్చారు. గెయిన్ పెంచుకుంటూ పోయి, ఆగకుండా ఊగే హద్దు దగ్గర ఆ గెయిన్‌నీ, ఒక్కో ఊపుకు పట్టే కాలాన్నీ కొలిచి, వాటి నుంచి అంకెలు లెక్కగట్టాలి. 1984లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆస్ట్రోమ్, హాగ్లుండ్ ఈ కొలత యంత్రం తనంతట తానే చేసుకునే తేలిక దారి చూపారు. హీటరే అనుకోండి, పూర్తిగా వేసి, అనుకున్న వేడి దాటగానే ఆపి, తగ్గగానే మళ్ళీ వెయ్యాలి. పుట్టిన ఊపులోనే కావలసిన కొలతలు దొరుకుతాయి. త్రీ-డీ ప్రింటర్లలో మార్లిన్ సాఫ్టువేరు ఎం303 ఆదేశంతో చేసేది ఇదే.

మరి పేచీ ఎక్కడ? ఆ సూత్రాలలో ఒకరి ఇష్టం దాగి ఉంది. ప్రతి ఊపూ అంతకు ముందు ఊపులో నాలుగో వంతుకు తగ్గితే చాలునని జీగ్లర్, నికొల్స్ ఎంచుకున్నారు. అంటే, గురి కాస్త దాటినా వారికి సమ్మతమే. అంచుదాకా నింపవలసిన ట్యాంకుకు అది పనికిరాదు. ఆ సంగతి బటన్‌కేం తెలుసు? పైగా ఆ అంకెలు కొలిచిన నాటి పరిస్థితులవి. ఫ్యాన్ ఆపి ట్యూన్ చేసిన ప్రింటరు, ఫ్యాన్ తిరుగుతున్నప్పుడూ అంత నిలకడగా ఉంటుందని చెప్పలేం.

డ్రోన్లను నడిపే ఆర్డూపైలట్ పద్ధతి నాకు నచ్చుతుంది. అది గాలిలోనే డ్రోన్‌ను అటూ ఇటూ కుదిపి అంకెలు వెతుక్కుంటుంది. ఎంత దూకుడు కావాలో ముందే మనం చెప్పుకోవచ్చు. పని అయ్యాక పాత అంకెలకే తిరిగొస్తుంది. నడిపేవారు స్విచ్చి వేసి, కొత్త అంకెలతో ఎగరేసి చూసుకుని, నచ్చితేనే వాటిని దాచుకుంటారు.

ఇదంతా ఫ్యాక్టరీల గొడవ, మనకెందుకు అనుకోకండి. క్లౌడ్‌లో సర్వర్ల సంఖ్యను పెంచి తగ్గించే ఆటోస్కేలర్ కూడా ఫీడ్‌బ్యాక్ కంట్రోలరే. కుబర్నెటీస్‌లో అది మామూలుగా 15 సెకన్లకొకసారి లోడు చూస్తుంది. తగ్గించే ముందు గడిచిన 300 సెకన్ల లెక్కలు చూసుకుంటుంది. మీ ప్రోగ్రాము లేచి పని అందుకోవడానికి రెండు నిమిషాలు పడితే, అది షవర్ గొట్టంలోని ఆలస్యం లాంటిదే. డిఫాల్ట్ అంకెలు మీ ప్రోగ్రామును చూసి పెట్టినవి కావు. అలాగే వదిలేస్తే అర్ధరాత్రి ఫోను మోగేది మనకే!

ఆటో ట్యూన్ వద్దని నేననను. చేత్తో గంటలకొద్దీ కుస్తీ పట్టడం కన్నా అది నయమే. కానీ అలాంటి సాఫ్టువేరు రాసే మనం మూడు పనులు చెయ్యాలి. వేగం ముఖ్యమా, గురి దాటకపోవడం ముఖ్యమా అని వాడేవారిని ముందే అడగాలి. అంకెలు ఎప్పుడు, ఏ పరిస్థితుల్లో వచ్చాయో రాసిపెట్టాలి. పాత అంకెలకు వెళ్ళే దారి తెరిచి ఉంచాలి. ఈ మూడూ లేని ఆటో ట్యూన్ బటన్‌ను మన కోడ్ రివ్యూలో దాటనివ్వకూడదు.